మా అమ్మకి మూడు పుట్టినరోజులు

జూలై 1 వచ్చిందంటే మన తెలుగు వాట్సాప్ గ్రూపులు శుభాకాంక్షలతో మోగిపోతాయి. ఎవరి నాన్నగారిదో, ఎవరి అత్తగారిదో, రిటైరైన మాస్టారిదో, ఎవరో ఒకరి పుట్టినరోజు లేకుండా ఆ రోజు గడవదు. జూన్ 1, ఆగస్టు 15 కూడా కొంచెం అలాంటి తేదీలే. ఒక తరం తరమంతా బడి తెరిచే రోజులకి అటూ ఇటూగా పుట్టిందా అనిపిస్తుంది.

సంగతి మీకూ తెలిసిందే. ఆ తేదీ వేసింది అమ్మా నాన్నా కాదు, బళ్ళో హెడ్మాస్టరు. పిల్లని చేర్పించడానికి తాతయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే, ఆయన ఎగాదిగా చూసి, బడి తెరిచేనాటికి అయిదేళ్ళు నిండేలా ఒక తేదీ వేసుకున్నాడు. అదే పదో తరగతి సర్టిఫికెట్టు మీదికి, అక్కణ్ణుంచి ఓటరు కార్డు మీదికి, ఆధార్ మీదికి, పాస్‌పోర్టు మీదికి నడిచొచ్చింది.

మా అమ్మ పాస్‌పోర్టులో 1961 జూలై 1 అని ఉంటుంది. 2024 వేసవిలో ఆవిడ బర్మింగ్‌హామ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు, ఆ రోజున మావాడు రంగు పెన్సిళ్ళతో కార్డు గీసి ఇచ్చాడు. "ఇది బడి పుట్టినరోజు నాన్నా, నాది కాదు" అంది. "మరి నీదెప్పుడు నానమ్మా?" అని ఏడేళ్ళవాడు అడిగితే ఆవిడ దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతికాం. దొరికాక, నలుగురినీ ఇంటికి పిలిచి, వంట పెట్టుకోకుండా బయటి నుంచి తెప్పించుకుని, కేకు కోయించాం. ఆ హడావిడిలో ఒక్కో వస్తువూ మనింటికి ఎక్కణ్ణుంచి వచ్చిందని వెనక్కి వెళ్ళి చదవడం మొదలుపెట్టాను. ఈ వ్యాసం ఆ చదువే.

ముందు తేదీ సంగతి. ఇంగ్లండ్‌లో, వేల్స్‌లో పుట్టుకలూ చావులూ సర్కారు పుస్తకంలో రాయడం మొదలైంది 1837లో. అదీ జూలై 1నే. కాకతాళీయమే, కానీ చదివినప్పుడు నవ్వొచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. దేశమంతటికీ ఒకే చట్టం 1969లో చేశారు. చాలా రాష్ట్రాల్లో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. చట్టాలు ఉన్నాయి, పుస్తకాలూ ఉన్నాయి. కానీ పల్లెల్లో కాన్పు ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీదుగా. పుట్టిన సంగతి రాయించాలంటే ఎవరో ఒకరు పని మానుకుని వెళ్ళాలి. ఎందుకు వెళ్తారు? ఆ కాగితం అడిగేవాడు లేడు కదా. అడిగిన మొదటివాడు బళ్ళో మాస్టారు. అందుకే మన పెద్దవాళ్ళ పుట్టుక బళ్ళో రాశారు.

ఆ తేదీ బరువు తెలిసొచ్చేది ఉద్యోగంలో చేరాకే. జూలై 1న పుట్టినవాడు సర్వీసు రూల్సు ప్రకారం జూన్ 30న రిటైరవుతాడు. చాలా ఇళ్ళల్లో పెద్దాయన పుట్టిన తేదీ జనానికి తెలిసింది ఆయన రిటైర్మెంటు ఫంక్షన్ కార్డు చూసే. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 58 నుంచి 55కి దించినప్పుడు, సర్టిఫికెట్లో పడ్డ అంకె ఎంతమంది సంసారాలని తలకిందులు చేసిందో ఆ కాలంవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 1984లో మళ్ళీ 58 చేశారు. ఆ మధ్యలో ఇంటికెళ్ళిపోయినవాళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు. ఎప్పుడో ఒక మాస్టారు కళ్ళజోడు సవరించుకుని వేసిన తేదీ అది.

మగవాళ్ళకి ఇలా ఉద్యోగం వల్లనైనా తేదీతో పని పడింది. ఉద్యోగం చెయ్యని ఆడవాళ్ళకి అదీ లేదు. మా అమ్మ పదో తరగతి సర్టిఫికెట్టు ట్రంకు పెట్టెలోంచి బయటికొచ్చింది పాస్‌పోర్టు కోసమే. నా సంగతి వేరు. నేను 1989లో, ఆస్పత్రిలో పుట్టాను. 1989 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు పాస్‌పోర్టుకి బర్త్ సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని 2016 దాకా ఒక నిబంధన ఉండేది. తల్లికి తేదీ లేదు, కొడుక్కి తేదీ లేకపోతే పాస్‌పోర్టే లేదు. ఒక్క తరంలో మారిపోయిన సంగతి ఇది.

అయితే తేదీ లేదంటే పుట్టినరోజు లేదని కాదు. మనకి నెలా, పక్షమూ, తిథీ, నక్షత్రమూ ఉన్నాయి. శ్రీరామనవమి, కృష్ణాష్టమి, వినాయక చవితి అన్నీ పుట్టినరోజులే, అన్నీ తిథుల మీద నడిచేవే. దేవుళ్ళకి ఇంగ్లీషు తారీకు ఎవరూ వెయ్యలేదు. మనుషులకీ అంతే. పుట్టినరోజంటే తలంటు, కొత్తబట్ట, గుడిలో అర్చన, పెద్దల అక్షింతలు, పరమాన్నం. పద్ధతిగా చేసేవాళ్ళు చిరంజీవులనీ మార్కండేయుడినీ తలుచుకుని నువ్వులు, బెల్లం కలిపిన పాలు తాగుతారు. పదహారేళ్ళకే ఆయుష్షు తీరుతుందన్న పిల్లవాడు యముణ్ణి తప్పించుకున్న కథ కదా మార్కండేయుడిది. పుట్టినరోజున మనవాళ్ళు అడిగింది కానుకలు కాదు, ఇంకో ఏడాది.

రెండు పంచాంగాలు ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు తెచ్చిపెట్టడం కొత్త కాదు. మొగలు చక్రవర్తులకి సూర్యమానం లెక్కన ఒకటి, చాంద్రమానం లెక్కన ఒకటి, ఏడాదికి రెండుసార్లు తులాభారం జరిగేది. 1617 సెప్టెంబరులో మాండూలో జహంగీర్ తులాభారాన్ని ఇంగ్లండ్ రాయబారి థామస్ రో కళ్ళారా చూసి రాసుకున్నాడు. చక్రవర్తి పుట్టిన ఘడియ రాసిపెట్టుకోవడానికి కొలువులో జ్యోతిష్కులు ఉంటారు. మా అమ్మ పుట్టిన ఘడియ ఎవరు రాస్తారు? నలుగురు పిల్లల్లో ఆఖరిది, ఆపైన ఆడపిల్ల. ఇద్దరు మగపిల్లలకీ జాతకాలు రాయించారట. ఆడపిల్లలిద్దరికీ లేదు.

రాయలేదు గానీ, గుర్తుంది. ఎనభై దాటిన మా పెద్దమ్మకి. ఫోన్ చేస్తే క్షణం కూడా ఆలోచించలేదు.

"అష్టగ్రహ కూటమి అయిన ఏడాదిరా. లోకం మునిగిపోతుందన్నారు, మునగలేదు. ఆ శ్రావణమాసంలో పుట్టింది. వరలక్ష్మీ వ్రతం నాడు అమ్మ పీట మీద కూచోలేకపోయింది, నేనే చేశాను. మర్నాడు మధ్యాహ్నం కాన్పయింది. తర్వాత నాలుగు రోజులకి అన్నయ్య బళ్ళో జెండా పండగ మిఠాయి తెచ్చాడు. జంధ్యాల పౌర్ణమి కూడా ఆ రోజే."

నేను సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి. ఇంతకన్నా శుభ్రమైన డేటా నా ఉద్యోగంలో ఎప్పుడూ చేతికి రాలేదు. అష్టగ్రహ కూటమి 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా. ప్రళయం వస్తుందని దేశమంతా హోమాలూ భజనలూ చేసిన రోజులు అవి. ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 5న, శుభకృతు నామ సంవత్సరం. అధికమాసం లేదు. శ్రావణం ఆగస్టు 1న మొదలైంది. పౌర్ణమి ఆగస్టు 15, బుధవారం. అంటే స్వాతంత్ర్య దినం, జంధ్యాల పౌర్ణమి నిజంగానే ఒకే రోజు. పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, అంటే ఆగస్టు 10. మర్నాడు శనివారం. అక్కణ్ణుంచి నాలుగు రోజులు లెక్కపెడితే సరిగ్గా జెండా పండగ.

1962 ఆగస్టు 11. మా అమ్మ పుట్టినరోజు.

చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే ఏడాది పైన చిన్నదాన్నన్నమాట" అంది. ఆ తర్వాత, "అక్క పోయుంటే ఇది పోయేది కదరా" అంది. ఆ మాట నిజం. మా అమ్మమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆవిడని అడగాలని ఎవరికీ తోచలేదు. పెద్దమ్మ ఒక్కర్తే మిగిలిన పుస్తకం.

2024లో ఆగస్టు 11 ఆదివారం వచ్చింది. చేద్దామనుకున్నాం. ఇక్కడున్న స్నేహితుల కుటుంబాలు మూడు, మేము, పిల్లలతో కలిపి పదహారు మంది. ఇక్కణ్ణుంచి కేకు కథ.

శ్రావణమాసం. అమ్మ గుడ్డు ముట్టదు. గుడ్డు లేని కేకు కావాలి. ఇక్కడ అదొక సమస్యే కాదు. 2008లో తూర్పు లండన్‌లో మొదలైన కేక్ బాక్స్ అనే దుకాణాల గొలుసు పూర్తిగా గుడ్డు లేని కేకుల మీదే పెరిగింది. నిజానికి గుడ్డు లేకుండా గడుపుకోవడమన్న ఆలోచనకి మా ఊరే పుట్టిల్లు అనుకోవచ్చు. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అని ఒక మందుల కొట్టాయన ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు పడదు, ఈస్టూ పడదు. ఆవిడ కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్టు లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. మనిళ్ళల్లో వేసవిలో అరటిపండూ దానిమ్మ గింజలూ వేసి చేసుకునే కస్టర్డ్ ఆ పొడి సంతానమే. ఆ కంపెనీ పాత ఫ్యాక్టరీ డిగ్బెత్‌లో ఇప్పటికీ ఉంది. కస్టర్డ్ ఫ్యాక్టరీ అనే పేరు అలాగే ఉంచి, లోపల ఆఫీసులూ దుకాణాలూ పెట్టారు. ఒక ఇల్లాలికి ఏది పడదో భర్త పట్టించుకున్నందువల్ల పుట్టిన వస్తువు మా అమ్మ కేకులోకి రావడం నాకు బాగా నచ్చింది.

కేకు పొంగడానికి బేకింగ్ పౌడర్ చాలు. మామూలు కుటుంబం కేకు చేసుకోవాలంటే చక్కెర కూడా చవకవ్వాలి. బ్రిటన్‌లో చక్కెర మీద దిగుమతి సుంకం 1874లో పూర్తిగా ఎత్తేశారు. బీట్‌రూట్ చక్కెర కూడా పెరిగి, చక్కెర పేదవాడి బల్ల మీదికి వచ్చింది. అయితే చెరకు చక్కెర వెనక మనవాళ్ళ చెమట ఉంది. బానిసత్వం రద్దయ్యాక 1834 నుంచి మారిషస్ తోటలకి ఒప్పంద కూలీలని ఓడల్లో తీసుకెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్ళని కొరింగీలు అనేవారు. 1860లో మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. నాటాల్ చెరకు తోటలకి మొదటి కూలీలు అందులోవాళ్ళే. ఆ ఓడల జాబితాల్లో ఒక్కో మనిషికీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు రాసేవారు. వయసంటే ఒక అంకె, అంతే. పుట్టినరోజు గడి ఆ కాగితంలో లేదు. పనికి వస్తాడా రాడా అని తేల్చుకోవడానికి అంకె చాలు కదా. పుట్టినరోజు కేకుని చవక చేసినవాళ్ళలో తమ పుట్టినరోజు ఎక్కడా రాసిలేని మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారన్నమాట.

కేకు మన ఊళ్ళకి చేరడానికి చాలా కాలం పట్టింది. 1898లో బెంగుళూరులో హాసన్ ప్రాంతపు అయ్యంగార్లు బేకరీ పెట్టారు. ఆ దారిలో వచ్చిన బెంగుళూరు అయ్యంగార్ బేకరీ అనే బోర్డు తర్వాత్తర్వాత మన చిన్న చిన్న టౌన్లదాకా పాకింది. హైదరాబాదులో కరాచీ బేకరీ 1953లో, దేశ విభజనలో సింధ్ నుంచి వచ్చేసిన కుటుంబం పెట్టింది. సికింద్రాబాదులో పారడైజ్ కూడా 1953లోనే, సినిమా హాలు దగ్గర చిన్న క్యాంటీన్‌గా మొదలైంది. ఈనాటి పుట్టినరోజు సాయంత్రానికి కావలసిన కేకూ బిర్యానీ జంటనగరాల్లో ఒకే ఏడాది తలుపులు తెరిచాయన్నమాట. నా చిన్నప్పుడు మా కృష్ణా జిల్లా ఊళ్ళో కేకు లేదు. బడికి యూనిఫారం కాకుండా రంగు డ్రెస్సు వేసుకెళ్ళి, చిత్తూరు న్యూట్రిన్ కంపెనీ చాక్లెట్లు క్లాసంతా పంచి, మాస్టారికి రెండు ఇవ్వడమే పుట్టినరోజు. తారీకు పుట్టినరోజు మనకి అలవాటైంది బడి వల్లే. నెహ్రూ పుట్టినరోజు నవంబరు 14, రాధాకృష్ణన్ పుట్టినరోజు సెప్టెంబరు 5. పెద్దవాళ్ళకి తప్పు తేదీ అంటగట్టిన బడే, పిల్లలకి తేదీతో పండగ చేసుకోవడం నేర్పింది.

కొవ్వొత్తి దగ్గర మా ఇంట్లో చిన్న తగువు వచ్చింది. దీపం ఆరిపోయిందని కూడా అనరు మనవాళ్ళు, కొండెక్కింది అంటారు. అలాంటిది పుట్టినరోజు నాడు నోటితో ఊది ఆర్పడమేమిటని అమ్మ. ఈ ఆచారం జర్మనీది. 1746లో కౌంట్ జిన్జెండార్ఫ్ అనే మతపెద్ద పుట్టినరోజుకి, ఆయన వయసెంతో అన్ని కొవ్వొత్తులు కేకు చుట్టూ గుచ్చారని చూసినవాళ్ళు రాశారు. జర్మన్లు కేకు నడుమ పెట్టే పెద్ద కొవ్వొత్తిని జీవదీపం అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. ఆ పేరు చెబితే అమ్మ కొంచెం మెత్తబడింది. "జీవదీపమంటే మరీ ఆర్పకూడదు కదరా" అని నాకే తిప్పికొట్టింది. చివరికి దేవుడి దగ్గర కుందిలో దీపం వెలిగించి, కేకు మీద ఒక్క కొవ్వొత్తి పెట్టి, ఊదే పని మావాడికి అప్పజెప్పాం.

పాటకి తగువు లేదు. అందరికీ వచ్చు. కానీ ఆ పాటకి ఉన్నంత కోర్టు కథ కేకుకి లేదు. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో ప్యాటీ హిల్, మిల్డ్రెడ్ హిల్ అని అక్కచెల్లెళ్ళు. ప్యాటీ చిన్నపిల్లల బడి నడిపేది, మిల్డ్రెడ్ బాణీలు కట్టేది. పొద్దున్నే పిల్లలు పాడుకోవడానికి వాళ్ళు చేసిన పలకరింపు పాట 1893లో పుస్తకంలో వచ్చింది. ఆ బాణీకే తర్వాత పుట్టినరోజు మాటలు అతికాయి. ఆ మాటల మీద హక్కు తమదేనని ఒక సంగీత ప్రచురణ సంస్థ చాలాకాలం సినిమాలవాళ్ళ దగ్గరా టీవీవాళ్ళ దగ్గరా డబ్బు వసూలు చేసింది. ఆ పాట మీదే డాక్యుమెంటరీ తీయబోయిన ఒకావిడ 2013లో కేసు వేస్తే, 2015లో కోర్టు ఆ హక్కు చెల్లదంది. మర్నాడు సంస్థ 1 కోటి 40 లక్షల డాలర్లు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకుంది అనుకునేరు, దానికి ఇంకొన్ని నెలలు పట్టింది. మనం ఇళ్ళల్లో పాడుకుంటే ఎవరూ ఎప్పుడూ అడగలేదు లెండి. బళ్ళో మాస్టారు వేసిన తేదీకి, బళ్ళో టీచరమ్మ కట్టిన పాట. పుట్టినరోజుకి బడితో ఉన్న బంధం అంతా ఇంతా కాదు.

ఇక తిండి. పదహారు మందికి బయటి నుంచి తెప్పిద్దామని మా ఆవిడ అనగానే అమ్మ మొహం మాడింది. "పుట్టినరోజు పూట ఇంట్లో పొయ్యి వెలిగించకుండానా?"

వండిన అన్నం కొనుక్కోవడం మనకి ఎప్పణ్ణుంచో ఉంది. కాకతీయుల ఓరుగల్లుని వర్ణించిన క్రీడాభిరామంలో పూటకూటి ఇల్లు ఉంటుంది, ఒక రూకకి కమ్మని భోజనం. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంటుంది. వండి పెట్టి బతికే ఆ వితంతువుని నాటకంలో ఎంతమంది ఎన్ని రకాలుగా వాడుకుంటారో చదివినవాళ్ళకి తెలుసు. పూటకూళ్ళ భోజనం దిక్కులేనివాళ్ళకీ బాటసారులకీ గానీ, ఇల్లూ ఇల్లాలూ ఉన్నవాడికి కాదని లెక్క. తర్వాత హోటళ్ళు వచ్చాయి, క్యారేజీ భోజనాలు వచ్చాయి, బిర్యానీ పార్సిలు వచ్చింది. అయినా శుభకార్యం రోజున వంటిల్లు చల్లగా ఉంటే ఇంటావిడకి చిన్నతనం.

ఈ దేశంలో దారి వేరు. 1860ల నుంచి చేపా చిప్సూ కొట్లు కూలి జనానికి రాత్రి భోజనం పెట్టాయి. ఫ్యాక్టరీలో రోజంతా పనిచేసి వచ్చిన ఆడది మళ్ళీ పొయ్యి ముందు నిలబడక్కర్లేకుండా చేసిన పొట్లం అది. రెండో ప్రపంచయుద్ధంలో ఎన్నిటికో రేషన్ పెట్టినా దానికి పెట్టలేదు. యుద్ధం తర్వాత చైనావాళ్ళూ, ఓడల్లో పనిచేయడానికి వచ్చి ఒడ్డున స్థిరపడ్డ సిల్హెట్ బెంగాలీలూ కొట్లు పెట్టుకున్నారు, కొందరు పాత చిప్స్ కొట్లే కొనుక్కుని కూర అమ్మారు. 1970ల్లో మా బర్మింగ్‌హామ్‌లో స్పార్క్‌బ్రూక్, స్పార్క్‌హిల్ పేటల్లో పాకిస్తానీ వంటవాళ్ళు పల్చటి ఇనప మూకుడులో వండి అదే మూకుడుతో వడ్డించే బాల్టీ కూర తయారుచేశారు. 2006 నాటికి డెన్మార్క్‌లో పుట్టిన జస్ట్ ఈట్ ఇక్కడికి వచ్చి, ఫోన్ చేసే పని కూడా తప్పించింది. వాళ్ళు టేక్‌అవే అన్నా, అమెరికాలో మనవాళ్ళు టు గో అన్నా, మనకి పార్సిలే.

అమ్మకి ఈ చరిత్రంతా చెప్పలేదు. ఒక ఫోటో చూపించాను. 1996లో నా ఏడో పుట్టినరోజుది. నేనున్నాను, నాన్న ఉన్నారు, అక్క, బాబాయిలు, వీధిలో పిల్లలు అందరూ ఉన్నారు. అమ్మ లేదు. ఎడమ పక్క అంచున పులిహోర పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఉంది. గాజులని బట్టి అది అమ్మ చెయ్యి. మిగతా పుట్టినరోజుల ఫోటోలూ తీశాను. ఏ ఒక్కదాంట్లోనూ ఆవిడ కూచుని లేదు. "నువ్వు వండితే రేపటి ఫోటో కూడా ఇలాగే ఉంటుంది" అన్నాను. ఫోటో కొంచెంసేపు చూసి, "ఆ గాజులు మీ అక్క పెళ్ళికి మార్చేశాం" అని, "సరే తెప్పించండి. పాయసం మాత్రం నేనే చేస్తాను" అంది.

అలాగే చేసింది. పొద్దున్నే తలంటు పోసుకుని, బియ్యం పాయసం వండి, దేవుడి దగ్గర పెట్టింది. సాయంత్రానికి పనీర్ బిర్యానీ ఒక పెద్ద ట్రే, గుత్తివంకాయ, పప్పు, పిల్లలకి చిప్స్, గోబీ మంచూరియా వచ్చాయి. నెల్సన్ వాంగ్ అనే చైనా సంతతి వంటాయన 1975లో బొంబాయిలో కోడిమాంసంతో చేసిన వంటకానికి మన శాకాహారులు పెట్టుకున్న రూపం ఈ గోబీ. ట్రేలు తేవడానికి నేనే వెళ్ళాను. కౌంటరు వెనక ఉన్న కుర్రాడు ఎమ్మెస్ చదువుకుంటూ వారానికి ఇరవై గంటలు పనిచేసే తెలుగబ్బాయి. వంటగదిలో ఇంకో ఇద్దరు చెమటలు కక్కుతున్నారు. వంట చాకిరీ మాయం కాలేదు, చేతులు మారిందంతే. ఈ చేతులకి జీతం ఉంది, పని దిగే టైముంది. మా అమ్మ చేతులకి ఆ రెండూ లేవు. తేడా అక్కడుంది.

మన విందుల్లో ఆడవాళ్ళది ఆఖరి బంతి. మొదటి బంతిలో మగవాళ్ళు, తర్వాత పిల్లలు, అందరూ లేచాక అడుగున మిగిలింది వాళ్ళకి. ఆ రోజు అమ్మ సోఫాలో మధ్యన కూచుంది. రెండుసార్లు వడ్డించడానికి లేవబోయింది. రెండుసార్లూ మావాడు చెయ్యి పట్టి కూచోబెట్టాడు. అక్షింతలు వెయ్యడానికి ఆవిడకన్నా పెద్దవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. వీడియో కాల్‌లో పెద్దమ్మ అక్కడ నుంచే చెయ్యెత్తి దీవించింది. మావాడు ఊదాడు, అమ్మ కోసింది, పాట అయింది. కాగితం పళ్ళెంలో మొదటి వడ్డన ఆవిడకే. రెండు ముద్దలు తిన్నాక, "నా పెళ్ళప్పుడు కూచున్నా మొదటి బంతిలో. మళ్ళీ ఇదే" అంది. ఎవరినీ దెప్పుతున్నట్టు కాదు, లెక్క చెప్పినట్టు.

మన పద్ధతులు వదిలేసి తెల్లవాళ్ళ కేకులు కోస్తున్నామని బాధపడేవాళ్ళంటే నాకు గౌరవమే. తలంటూ పాయసమూ పోకూడదు. కానీ పోయినవాటితో పాటు వచ్చినవాటిని కూడా లెక్కెయ్యాలి. జాతకం రాయించుకున్న మగపిల్లవాడికి మన పాత పద్ధతిలోనూ పుట్టినరోజు ఉంది. జాతకం లేని ఆడపిల్లకి, పనికి సరిపోయే అంకె మాత్రమే రాసిన కూలీకి, అరువు తెచ్చుకున్న ఈ కొత్త పండగే మొదటిసారి ఒక రోజు ఇచ్చింది. బయటి తిండి ఆ రోజున కూచోవడానికి తీరిక ఇచ్చింది.

ఇప్పుడు మా అమ్మకి మూడు పుట్టినరోజులు. సర్కారుకి జూలై 1. నా లెక్కకి ఆగస్టు 11. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న పడింది కాబట్టి పెద్దమ్మ లెక్కకి 17. ఆ రోజున పెద్దమ్మ మళ్ళీ ఫోన్ చేసి, "అసలు పుట్టినరోజు ఇవాళ" అని గట్టిగా చెప్పింది. జహంగీర్ కన్నా ఒకటి ఎక్కువే. పాస్‌పోర్టులో తేదీ మార్చే ప్రయత్నం చెయ్యలేదు. సర్టిఫికెట్టు నుంచి బ్యాంకు దాకా అన్నీ ఆ అబద్ధం మీదే నిలబడున్నాయి.

మీ ఇంట్లో కూడా జూలై 1 వాళ్ళు ఉండే ఉంటారు. తారీకు అడక్కండి, తెలీదంటారు. ఏ పండక్కి ముందు, ఏ వరద తర్వాత, పొలంలో ఏ పంట ఉండగా, ఊళ్ళో ఎవరి పెళ్ళి జరిగిన ఏడాది అని అడగండి. వాళ్ళకన్నా పెద్దవాళ్ళు ఇంకా ఉంటే ముందు వాళ్ళని అడగండి. 1962 పంచాంగం ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ వ్రతం నాడు పీట మీద ఎవరు కూచున్నారో చెప్పగలిగే మనిషి ఎప్పుడూ దొరకదు.